మడకొమ్మల పందిరి

కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్తుంటే ఒకచోట ఎడమచేతి పక్కకి మట్టిరోడ్డు దిగుతుంది. రొయ్యల చెరువుల గట్ల మధ్య నుంచి వంకరలు తిరుగుతూ వెళ్ళి చినతిప్ప అనే పల్లెలో ఆగిపోతుంది. ఆగక ఏం చేస్తుంది, ఆ తరవాత నేల లేదు. ఒక చర్చి, నలభై ఇళ్ళు, ఇళ్ళ వెనక బురద, బురద వెనక మడ అడవి, అడవి వెనక సముద్రం. అంతే ఊరు.

రూతమ్మ అక్కడే పుట్టింది, అక్కడే పెళ్ళి చేసుకుంది, మొగుణ్ణి అక్కడే సమాధి చేసింది. వయసెంతమ్మా అని ఎవరైనా అడిగితే నవ్వుతుంది.

"డెబ్బయ్యేడు ఉప్పెన వచ్చినప్పుడు మా అమ్మ కడుపులో ఉన్నానండీ. మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని మడచెట్టెక్కి తెల్లార్లూ వేళ్ళాడిందంట. అందరూ పుట్టాక చెట్లెక్కుతారు, నేను పుట్టకముందే ఎక్కా."

ఆమె పని పీతలు పట్టడం. పోటు తగ్గి సముద్రం నీళ్ళు వెనక్కి లాగినప్పుడు ఆడవాళ్ళంతా చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని, నడుముకి బుట్ట కట్టుకుని మడలోకి దిగుతారు. చేతిలో ఒక ఇనపకొక్కెం. మడచెట్ల వేళ్ళు బురదలోంచి మేకుల్లాగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మధ్యన బొక్క వెతికి, కొక్కెం లోపలికి పోనిచ్చి, మండపీతని బయటికి లాగాలి. లాగిన మరుక్షణం దాని డెక్కలు కట్టెయ్యాలి. లేకపోతే వేలు దానిది. రూతమ్మ ఎడమచేతి చిటికెనవేలు కొస అలాగే పోయింది. అందుకని ఆమెకి పీత మీద కోపమేం లేదు. "దాని ఇంట్లో నేను చెయ్యిపెట్టా, అది ఊరుకుంటుందా" అంటుంది.

చినతిప్పది ఉప్పునేల. మావిడాకు కావాలన్నా, కొబ్బరిమట్ట కావాలన్నా కోడూరు వెళ్ళి తెచ్చుకోవాలి. అందుకని ఊళ్ళో ఏ శుభకార్యం జరిగినా పందిరి మడకొమ్మలతోనే వేస్తారు. ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పెళ్ళికూతురు వచ్చినా, పాస్టరు గారు వచ్చినా, ఎవరు పెద్దమనిషి వచ్చినా పచ్చటి మడకొమ్మల కిందనుంచే ఊళ్ళోకి నడవాలి. తెల్లమడ ఆకు పైన మెరుస్తుంది, కింద తెల్లగా ఉంటుంది, గాలికి అటూ ఇటూ తిరుగుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పిల్లలు పందిరి కింద నిలబడి ఆకు తెంపుకుని నాకుతారు. ఆకు నిండా ఉప్పు పేరుకుని ఉంటుంది మరి.

ఆ పందిళ్ళు కట్టేది రూతమ్మ అన్న ఇస్సాకు. సంఘపెద్ద. మాట తక్కువ, చెయ్యి మంచిది. రూతమ్మ పెళ్ళికూతురై నడిచింది కూడా ఆయన కట్టిన పందిరి కిందే.

ఇలా ఉండగా కొన్నేళ్ళ కిందట ఊరికి ఒక కుర్రాడు వచ్చాడు. పేరు నాగవంశీ. పెడన పిల్లాడు. ఇంట్లో అందరూ బట్టల మీద ఆకులూ పువ్వులూ అచ్చులేస్తుంటే, ఇతను బందరులో 'తీరదీపం' అనే సంస్థలో చేరి బురదలో మొక్కలు నాటించడానికి వచ్చాడు. చర్చి ముందు అందర్నీ కూచోబెట్టి మీటింగు పెట్టాడు.

"ఒక చలిదేశం ప్రభుత్వం ఉందండీ. వేడిదేశాల్లో ఎప్పుడూ వాన కురిసే పెద్దపెద్ద అడవులుంటాయి కదా, అవి కొట్టెయ్యకుండా కాపాడమని వాళ్ళు ఏటేటా డబ్బు తీసి పక్కన పెడతారు. ఎక్కడెక్కడి దేశాలకో ఇస్తారు. దాంట్లో ఒక చిన్న ముక్క మన మడకి వచ్చింది."

కుసుమ లేచింది. కుసుమ అంటే రూతమ్మ పక్కింటి మనిషి, వరసకి వదిన అని పిలుస్తుంది. ఆమె నోటికి భయపడి పీతల షావుకారు కూడా తూకం సరిగ్గా వేస్తాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

"మాకు వానెక్కడ కురుస్తంది బాబూ? కార్తీకంలో తుఫానొస్తే కురుస్తంది. అప్పుడు ఇల్లు కూడా ఉండదు."

"మడ కూడా ఆ లెక్కలోకే వస్తుందక్కా. సముద్రం ఒడ్డు అడవి కదా."

"సర్లే. మా మడ బతికితే వాళ్ళకేంటంట?"

"వాళ్ళ కార్ల పొగ, ఫ్యాక్టరీల పొగ అంతా ఈ చెట్లు పీల్చుకుని బురదలో దాచేస్తాయక్కా."

"ఓహో! వాళ్ళ పొగ మా బురదలో దాచుకుంటారా? అయితే సాయం అంటావేంటి, అద్దె అను!"

అందరూ గొల్లున నవ్వారు. నాగవంశీ కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో దానికి వానఫండు అని పేరు పడిపోయింది.

వానఫండుతో పనులొచ్చాయి. మొగవాళ్ళు చేపముల్లు ఆకారంలో చిన్నచిన్న కాలవలు తవ్వి సముద్రం నీళ్ళు మడలోకి మళ్ళించారు. ఆడవాళ్ళు నర్సరీలో సంచులకి బురద నింపి మడవిత్తనాలు గుచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కొత్తమొక్కలు నాటింది సముద్రం నుంచి మడలోకి చీలి వచ్చే పెద్దపాయలో. ఊరి పీతలన్నీ ఉండేది కూడా పెద్దపాయలోనే. మొక్కలు నిలదొక్కుకునే దాకా, మూడేళ్ళు, మనిషి లోపలికి అడుగుపెట్టకూడదన్నారు. పాయ మొగదల నీలం నైలాను తాడు కట్టి, బోర్డు పెట్టి, ఒక వాచ్‌మెన్‌ని కూచోబెడతామన్నారు.

ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. నాగవంశీ రూతమ్మ ఇంటికొచ్చి అరుగు మీద కూచున్నాడు.

"పిన్నీ, నువ్వు చెబితే వింటారు."

"వింటారు. మూడేళ్ళయ్యాక దారిస్తారా మరి? ఆ తాడు అట్టాగే ఉండిపోతే వాళ్ళు నన్ను పాతేస్తారు."

"పీతలు పట్టే ఆడవాళ్ళకి దారి వదలమని నేను రాయిస్తాను. ఆ దేశం నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తారు. వాళ్ళని నువ్వే అడుగుదువుగాని. పక్కనుండి ఇంగ్లీషులో నేను చెబుతా."

రూతమ్మ ఆ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "నా మాట నమ్మండే, మూడేళ్ళు ఓర్చుకోండి, దారి నేను అడిగి ఇప్పిస్తా" అంది. ఆమె ముఖం చూసి ఒప్పుకున్నారు.

మూడేళ్ళంటే అనడానికి తేలిక. నర్సరీ పని లేని రోజుల్లో ఆడవాళ్ళు అవతల తిప్పకి వెళ్ళి పీతలు వెతికేవాళ్ళు. అటంతా తిల్లచెట్లు. తిల్లపాలు చాలా చెడ్డవి. ఒకరోజు కొమ్మ విరిగి ఆ పాలు కుసుమ కంట్లో పడ్డాయి. అవనిగడ్డ తీసుకెళ్ళారు, బందరు తీసుకెళ్ళారు. కన్ను పోలేదు గానీ మసక పట్టింది. రూతమ్మ చూడ్డానికి వెళ్తే కుసుమ పడుకునే అంది:

"ఏడవకు వదినా. ఒక కన్నుంటే చాలు, నువ్వు దారి ఇప్పించావా లేదా అని చూడ్డానికి."

నవ్వుతూనే అంది. రూతమ్మకి ఆ రోజు అన్నం దిగలేదు.

మూడో ఏడు తిరిగేసరికి మొక్కలు నడుమెత్తు వచ్చాయి. కొంగలు వాలడం మొదలుపెట్టాయి. చలిదేశం నుంచి ఒక దొరసాని చూడ్డానికి వస్తోందని కబురొచ్చింది. ఊరంతా హడావిడి. రూతమ్మకి అడగాల్సిన మాట తప్ప వేరే ధ్యాస లేదు. గిన్నెలు తోముతూ అదే మాట పైకి అనుకుని చూసుకునేది.

ఇస్సాకు వచ్చి, "పందిరి సంగతి నాకొదిలెయ్ చెల్లే" అన్నాడు.

"బాగుండాలన్నయ్యా. బిషపు గారొచ్చినప్పుడు కట్టావు చూడు, అట్టా కట్టు."

ఇది విన్నవాళ్ళు ఇప్పుడు నవ్వుతారు. నవ్వొచ్చు. కానీ ఆ అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఆ క్షణంలో ఒక్క ముక్క తట్టలేదు. పందిరంటే వాళ్ళ కళ్ళకి పందిరే. అన్నం కలుపుకునేటప్పుడు వరిచేను ఎవరికి గుర్తొస్తుంది?

ఆ రోజు పొద్దున్నే రూతమ్మ నర్సరీకి వెళ్ళింది, దొరసాని చేత నాటించడానికి మంచి మొక్కలు ఏరుదామని. గంపలో మొక్కలు పెట్టుకుని తిరిగొస్తుంటే చెరువు గట్టు మీద కార్ల దుమ్ము కనపడింది. పరుగులాంటి నడకతో ఊళ్ళోకి వచ్చింది. వచ్చి నిలబడిపోయింది.

చర్చి ముందు ఇస్సాకు పందిరి కట్టాడు. అలాంటి పందిరి ఆయన జన్మలో కట్టలేదు. దారికి రెండువైపులా మడకర్రల గుంజలు, పైన విల్లులాగా వంచిన కొమ్మలు, వాటి మీద ఒత్తుగా తెల్లమడ ఆకు. ఎండకి తళతళలాడుతోంది. గుంజల చివర కొట్టిన చోట పచ్చితెలుపు ఇంకా ఆరలేదు.

"ఎట్టా ఉంది చెల్లే?" అన్నాడు ఇస్సాకు. చేతులు తుడుచుకుంటూ, నవ్వుముఖంతో.

"అన్నయ్యా... ఎక్కడ కొట్టావు?"

"ఎక్కడేంటి, పెద్దపాయలోనే. తెల్లవారకముందే వెళ్ళాం. నాటిన మొక్కల జోలికి పోలేదులే, ముసలిచెట్ల కొమ్మలే..."

చెబుతూ చెబుతూ ఆగాడు. చెల్లెలి ముఖం చూశాడు. పందిరి వైపు చూశాడు. పెద్దాయన ముఖంలో నవ్వు ఎలా వెళ్ళిపోయిందో రూతమ్మ ఈ రోజుకీ చెప్పలేకపోతుంది. చెప్పబోయి ఆపేస్తుంది.

అప్పటికే కారు తలుపులు తెరుచుకున్నాయి. ముందు దిగింది రాంబాబు గారు, తీరదీపం సంస్థ పెద్ద. పందిరి చూడగానే ఆయన ముఖం మాడిపోయింది. గబగబా నాగవంశీ దగ్గరికి వచ్చాడు.

"ఏంట్రా ఇది? బుద్ధుందా? ఆమె అడిగితే కానుగ అని చెప్పు." రూతమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఎవరడిగినా కానుగ. తెలిసిందా? కానుగ కొమ్మలు."

దొరసాని దిగింది. పొడుగాటి మనిషి, ఎండకి బుగ్గలు కందిపోయాయి, నెత్తిన గుడ్డటోపీ. ఆమెది అడవుల చదువు కాదంట, ఆ ఫండు డబ్బు సరిగ్గా ఖర్చవుతోందో లేదో చూసే ఉద్యోగమంట. అందరికీ చేతులు జోడించి పందిరి కిందికి వచ్చింది. మధ్యలో ఆగి తలెత్తి చూసింది. ముచ్చటపడింది పాపం. రూతమ్మ వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఇంత అందంగా ఉన్నాయి, ఏ చెట్టు కొమ్మలివి అని అడుగుతోంది పిన్నీ" అన్నాడు నాగవంశీ.

ఊరంతా రూతమ్మ నోటి వైపే చూస్తోంది. వెనక కుసుమ ఉంది, ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చూస్తూ. పక్కన రాంబాబు గారు పెదాలతోనే కానుగ, కానుగ అంటున్నాడు. అనెయ్యొచ్చు. చిన్న మాట. కానీ ఈ నోటితో కానుగ అనేసి, మళ్ళీ ఇదే నోటితో దారివ్వమ్మా అని ఎలా అడగడం? రూతమ్మ గంప కింద పెట్టింది.

"ఇది తెల్లమడమ్మా. మీరు కొట్టొద్దన్న చెట్టే. మా ఊరికి పెద్దవాళ్ళెవరొచ్చినా దీని కిందనుంచే తీసుకొస్తాం. మీరంటే గౌరవంతో మా అన్నయ్య కట్టాడు, నేనే కట్టమన్నా. మాకు తట్టలా. తప్పయింది. ఇంకెప్పుడూ కొట్టం. మా ఆడవాళ్ళు చెట్టు జోలికి పోరమ్మా, కొక్కెంతో పీత తీసుకుంటారు, అంతే. మూడేళ్ళు ఆగాం. ఇంక మాకు పాయలోకి దారివ్వండి."

ఒక్క ఊపిరిలో అనేసింది. నాగవంశీ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపే చెప్పాడు. దొరసాని వింటూ వింటూ చెయ్యి పైకి చాచి ఒక ఆకు తెంపింది. బొటనవేలితో ఆకుని రుద్దింది. ఆ వేలు నాలిక్కి తాకించుకుంది. ఆకు చొక్కా జేబులో పెట్టుకుని, రూతమ్మ వైపు చూసి చిన్నగా నవ్వింది. రెండు మాటలంది.

"ఏమందయ్యా?"

"థాంక్స్ అంది పిన్నీ. ఆలోచిస్తామంది."

కార్లు వెళ్ళిపోయాక ఊళ్ళో ఆడవాళ్ళు రూతమ్మ చుట్టూ మూగారు. ఇస్సాకు పందిరి విప్పుతున్నాడు.

"వదినా, నువ్వు ఎంపీగా నిలబడాల్సింది!" అంది కుసుమ. "ఆ రాంబాబు గారి ముఖం చూశావా, పీత కరిచినట్టుంది!"

ఆ రోజు రూతమ్మకి కడుపునిండా అన్నం తిన్నట్టుంది. నిజం చెప్పింది, అవతలి మనిషి నవ్వింది. ఇంతకంటే ఏం కావాలి? ఇంక దారి రావడమే తరువాయి అనుకుంది.

రాలేదు. ఎండలు వెళ్ళాయి, వానలు వచ్చాయి. నాగవంశీ వారానికొకసారి వచ్చేవాడు, తరవాత నెలకొకసారి వచ్చాడు, తరవాత మానేశాడు. నర్సరీ మోటారు పాడైతే బాగుచేయించేవాళ్ళు లేరు. వాచ్‌మెన్‌కి జీతం ఆగింది, అతను తన సైకిలు తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. రాంబాబు గారికి ఫోను చేస్తే ఎత్తడు. వానఫండు ఆగిపోయిందని ఎవరో కోడూరు టీకొట్టులో విని వచ్చి చెప్పారు.

ఎందుకాగింది? దానికి ఊళ్ళో ఎవరినీ అడగక్కర్లేదు. పందిరి వల్ల. చెట్లు కాపాడమని డబ్బిస్తే ఆ చెట్లే నరికి స్వాగతం చెప్పారు, ఎవరిస్తారు? ఇస్సాకు ముఖం మీద ఎవరూ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది. ఆయన వస్తుంటే మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగేవాళ్ళు. ఆ మధ్య ఒక పెళ్ళి జరిగితే కోడూరు నుంచి షామియానా తెప్పించారు. పందిరి కట్టమని ఆయన్ని పిలవలేదు. ఆయన పెళ్ళికి వెళ్ళి, భోజనం చెయ్యకుండా వచ్చేశాడు.

రూతమ్మ ఇంక ఉండబట్టలేక ఒకరోజు బందరు బస్సెక్కింది. తీరదీపం ఆఫీసు మేడ మీద ఉండాలి. మెట్లకి తాళం వేసి ఉంది. కింద జిరాక్సు షాపతన్ని అడిగితే, "వాళ్ళు ఖాళీ చేసేశారు మామ్మా" అన్నాడు. మామ్మ అన్నందుకు కోపమొచ్చింది గానీ పెడన బస్సు ఎక్కడాగుతుందో అతన్నే అడిగింది.

నాగవంశీ ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. వీధంతా దండేల మీద అచ్చులేసిన బట్టలు ఆరుతున్నాయి. లోపల పొడుగాటి బల్ల ముందు నిలబడి నాగవంశీ చెక్క అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద గుద్దుతున్నాడు. ఆకు, ఆకు, ఆకు. రూతమ్మని చూసి అచ్చు చేతిలోనే ఉండిపోయింది.

"పిన్నీ!"

"బతికే ఉన్నావుగా. ఇంక చెప్పు."

వాళ్ళమ్మ టీ తెచ్చి ఇచ్చింది. నాగవంశీ తలెత్తకుండా చెప్పాడు.

"వాళ్ళ దేశంలో ఎలక్షన్లయ్యాయి పిన్నీ. కొత్తగా వచ్చిన వాళ్ళు, మన ఆస్పత్రులకే చాలనప్పుడు ఎక్కడో అడవులకి మన డబ్బెందుకు అన్నారంట. మనదొక్కటే కాదు, చాలాచోట్ల ఆపేశారు."

"అయితే పందిరి వల్ల కాదా?"

"కాదనే అనుకుంటున్నా."

"అనుకోవడమేంటయ్యా? అయితే అవునను, కాకపోతే కాదను. అక్కడ మా అన్నయ్య మనిషి కాకుండా పోతున్నాడు."

నాగవంశీ అచ్చు కింద పెట్టాడు.

"కొన్నిచోట్ల ఆపలేదు పిన్నీ. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి అన్నప్పుడు ఆ దొరసానిని కూడా అడిగే ఉంటారు కదా. ఆమె ఏం చెప్పిందో నాకు తెలీదు. ఇంకోటి చెప్పాలి పిన్నీ. ఆ రోజు నువ్వు చెప్పింది నేను చెప్పలేదు."

"ఏది?"

"మడ అని చెప్పలేదు. రాంబాబు గారు నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. కానుగ అన్నా. ఇవి పొలం గట్ల మీది కానుగ కొమ్మలు, మడ మీద మా ఊరివాళ్ళు చెయ్యి కూడా వెయ్యరు అన్నా."

రూతమ్మ టీగ్లాసు అలాగే పట్టుకుని ఉంది. ఆమె కళ్ళ ముందు దొరసాని చెయ్యి కదిలింది. ఆకు తెంపడం, రుద్దడం, వేలు నాలిక్కి తాకించుకోవడం. చినతిప్పలో పాలు తాగే పిల్లలు కూడా చేసే పని. కానుగాకు ఎక్కడన్నా ఉప్పగా ఉంటుందా?

"ఆమెకి తెలిసిపోయింది" అంది రూతమ్మ.

"తెలిసింది. నన్ను చూసిన చూపులోనే అర్థమైంది."

"నన్ను చూసి నవ్విందయ్యా! మంచిదనుకుని నవ్విందనుకున్నా నేను. ఇంత అబద్ధాలకోరు ముండ అనుకుని నవ్విందన్నమాట." ఆమె గొంతు పెద్దదైంది. వాళ్ళమ్మ వాకిట్లోంచి తొంగిచూసి మళ్ళీ వెళ్ళిపోయింది. "పీతల సంగతో?"

"అది చెప్పాను పిన్నీ. నీ మీద ఒట్టు. అది మాత్రం నువ్వన్నట్టే చెప్పాను."

"చెప్పి ఏం లాభం? దొంగమాటలాడేవాళ్ళు దారడిగారు, అంతేగా ఆమె లెక్కలో. మేం కొక్కెమే తీసుకెళ్తాం అంటే మాత్రం ఎందుకు నమ్ముతుంది?"

"ఉద్యోగం పోతుందేమోనని..."

"పోయిందిగా ఎట్టాగూ."

నాగవంశీ కళ్ళు తుడుచుకున్నాడు. చేతికున్న ఎర్రరంగు చెంపకి అంటింది. రూతమ్మకి జాలేసింది. జాలిపడ్డందుకు తన మీద తనకే చిరాకేసింది. లేచి, చల్లారిన టీ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసింది.

ఇంటికొచ్చి అన్నకి సగమే చెప్పింది. "పందిరి వల్ల కాదన్నయ్యా. వాళ్ళ దేశంలో ఎలక్షన్లంట."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావు" అన్నాడు ఇస్సాకు. ఆయన వల ముందేసుకుని చిక్కులు తీసుకుంటున్నాడు. తల పైకెత్తలేదు. మిగతా సగం చెప్పడానికి రూతమ్మకి నోరు రాలేదు. ఇప్పటికీ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

ఇంక పాయ సంగతి. కాపలా లేదు, తాడు ఒకవైపు తెగి నీళ్ళలో తేలుతోంది. ఒకరోజు నీళ్ళు లాగగానే కుసుమే ముందు దిగింది, వెనక అందరూ దిగారు. మూడేళ్ళ పైన కొక్కెం పడని పాయ. ఒక్కొక్క పీత చేటంత ఉంది. ఆడవాళ్ళ నవ్వులతో మడంతా మోగింది. "నీ మాట నిలబడింది వదినా, ఎవరూ ఇవ్వకపోయినా మనమే తీసుకున్నాం" అంది కుసుమ. రూతమ్మ కూడా నవ్వింది. బుట్ట నిండింది.

కానీ తాడు కొక్కెం పట్టినవాళ్ళకొక్కళ్ళకే తెగిందా? రెండు వారాలు తిరక్కుండానే లోపల కొట్టిన మొదళ్ళు కనపడ్డాయి. చెరువుల దగ్గర పందిరిగుంజలకి కర్రలు కావాలని ఎవరో, పొయ్యిలోకని ఎవరో. తను సంచిలో గుచ్చి పెంచిన మొక్క, తన భుజమెత్తు అయినది, నరికి సగంలో వదిలేసి ఉంది. అవతలి గట్టు మీద ఒక పొక్లెయిను వచ్చి నిలబడింది. చెరువు ఇంకాస్త పెంచుతారంట. ఎవరి చెరువని అడిగితే ఎవరూ చెప్పరు.

మర్నాడు రూతమ్మ తెగిన తాడు వెతికి, ముడేసి, పాయ మొగదల మళ్ళీ కట్టింది. తనే కట్టింది. ఏ తాడు తీయించడానికి ఇన్నాళ్ళు పాకులాడిందో ఆ తాడే. పక్కన గట్టు మీద కూచుంది.

"కొక్కెం ఉన్నవాళ్ళు వంగి వెళ్ళండి. కత్తి ఉన్నవాళ్ళు వెనక్కి పొండి."

"నీకు జీతం ఏ దేశం వాళ్ళిస్తున్నారు వదినా?" అంది కుసుమ.

"ఏ దేశమూ ఇవ్వట్లా. నోరుమూసుకుని వంగు."

కుసుమ వంగింది. మొగవాళ్ళు కొందరు తిట్టి వెనక్కి వెళ్ళారు, కొందరు తిట్టి వేరే వైపు నుంచి వెళ్ళారు. రూతమ్మ ఒక్కతే అన్ని వైపులా ఎక్కడుంటుంది?

ఆ వారమే చర్చికి కొత్త పాస్టరు గారు వస్తున్నారని తెలిసింది. సంఘంలో పెద్దలు కూచుని మాట్లాడుకుని, పాత సంగతి పక్కన పెట్టి, ఇస్సాకు ఇంటికి వెళ్ళి పందిరి నువ్వే కట్టాలి అన్నారు. చాలా రోజుల తరవాత ఆయన గడ్డం గీసుకున్నాడు. శనివారం మధ్యాహ్నం కత్తి సానబట్టుకుని పాయ దగ్గరికి వచ్చాడు.

తాడుకి ఇటువైపు అన్న, అటువైపు చెల్లెలు.

"నాలుగు కొమ్మలు చెల్లే. ముసలిచెట్టువే."

ఇస్సాకు ఇలా అడగడం రూతమ్మ ఎప్పుడూ చూడలేదు. మడకొమ్మకి ఎవరినైనా అడిగేదేముంది, ఊరి ఆకు. ఇప్పుడు అడుగుతున్నాడు, తన చెల్లెల్ని, ఇంటి పెద్దని అడిగినట్టు. సరే అంటే ఆయన మళ్ళీ మనుషుల్లో పడతాడు. సరే అంటే రేపు కత్తి పట్టుకొచ్చే ఎవరినీ ఆమె ఆపే వీలుండదు.

"వద్దన్నయ్యా."

"నా చేత్తో కట్టిన పందిరి కిందే నువ్వు పెళ్ళికూతురివై నడిచావు."

"నడిచా. మరిచిపోలా."

"మరి?"

"ఇంకెప్పుడూ కొట్టం అని అందరి ముందూ అన్నానుగా."

"ఆమెతో అన్నావు. ఆమే లేదు, ఆ ఫండే లేదు. ఎవరికి చెప్పుకోవాలంట ఆ మాట?"

ఆ మాట నాగవంశీ చెప్పనే లేదన్నయ్యా, అసలు ఆమెకి చేరలేదు అని నాలిక చివర దాకా వచ్చింది. మింగేసింది.

"పాస్టరు గారినే ఇక్కడికి తీసుకురా అన్నయ్యా. లోపలంతా పందిరేగా. దాని కింద నడిపిద్దాం."

"ఈ బురదలోనా? తెల్లబట్టలతోనా?" అన్నాడు ఇస్సాకు. నవ్వబోయాడు, రాలేదు. కత్తి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన వేరే వైపు నుంచి వెళ్తాడేమోనని రూతమ్మ నీళ్ళు ఎక్కే దాకా చూస్తూ కూచుంది. వెళ్ళలేదు.

ఆదివారం పొద్దున చర్చి ముందు రెండు గుంజలు పాతి ఉన్నాయి. పాతకర్రలే. వాటి మీద అడ్డకర్ర కూడా ఉంది. ఆకు లేదు. షామియానా తెప్పిద్దామని ఎవరో అంటే ఇస్సాకు ఒప్పుకోలేదంట. పాస్టరు గారు ఆ ఖాళీ గుంజల మధ్య నుంచి నడిచి లోపలికి వచ్చారు, ఏదో పని సగంలో ఆగిపోయిందనుకున్నారేమో, పక్కకి చూడలేదు. ఊరు మాత్రం చూసింది. ఇస్సాకు ముందు వరసలో కూచున్నాడు. ఆడవాళ్ళ వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ప్రార్థన మధ్యలో అవతలి గట్టు మీద పొక్లెయిను మొదలైన చప్పుడు వినపడింది. ఆదివారం కూడా.

కుసుమ పక్కకి వంగి, "నీళ్ళు లాగుతున్నాయి వదినా" అని గుసగుసగా అంది.

రూతమ్మ కొంగు దోపుకుని, పాట అయిపోయే దాకా ఆగి, వెనక తలుపులోంచి పాయ గట్టు వైపు నడిచింది.